అండమాన్‌లో అడవి కోసం వెళ్లేవాళ్లకు: లాంగ్ ఐలాండా, లిటిల్ అండమానా, దిగ్లీపూరా?

అండమాన్ వెళ్లొచ్చిన వాళ్లలో ఎక్కువమంది చూసేది సెల్యులార్ జైలు, హావ్‌లాక్ బీచ్, నీల్ ఐలాండ్. చూడదగ్గవే, కాదనను. కానీ తాబేలు ఒడ్డెక్కి గుడ్లు పెట్టడం చూడాలని, ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షుల కోసం తెల్లవారకముందే అడవి అంచున నిలబడాలని, జన సంచారం లేని ఒడ్డున రెండు రోజులు గడపాలని ఉన్నవాళ్లకు ఆ ప్యాకేజీలో దొరికేది తక్కువ. ఈ సలహా వాళ్ల కోసం.

అండమాన్ నికోబార్‌లో దీవులు, చిన్న దిబ్బలు, రాళ్లు అన్నీ కలిపి 836 అని ప్రభుత్వ లెక్క. మనుషులు ఉండేవి వాటిలో ముప్పై చిల్లర మాత్రమే. అందులోనూ ప్రత్యేక అనుమతి అవసరం లేకుండా మనం వెళ్లగలిగి, రాత్రి ఉండటానికి గది దొరికి, జనం పల్చగా, అడవి దట్టంగా ఉన్న చోట్లు అంటే నాకు ముందు గుర్తొచ్చేవి మూడు: మధ్య అండమాన్ పక్కనున్న లాంగ్ ఐలాండ్, దక్షిణాన ఉన్న లిటిల్ అండమాన్, ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతం. మూడింటిలో ఏది అందంగా ఉంటుందని అడిగి లాభం లేదు, మూడూ అందమైనవే. ఏం చూడాలని వెళ్తున్నారు, చేతిలో ఎన్ని రోజులున్నాయి అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే ఎంపిక దానంతట అదే తేలిపోతుంది.

ముందు ఓడ సంగతి

రోజుల లెక్క ఎందుకంటే ఓడ వల్ల. విమానం దిగేది ఎలాగూ పోర్ట్ బ్లెయిర్‌లోనే. 2024 సెప్టెంబర్‌లో దాని పేరు శ్రీ విజయపురంగా మారింది. రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి, కంగారు పడొద్దు. అక్కడి నుంచి హావ్‌లాక్, నీల్ దీవులకైతే ఏసీ ప్రైవేటు ఫెర్రీలు రోజూ తిరుగుతాయి. మన మూడు చోట్లకు వెళ్లాలంటే ప్రధానంగా ప్రభుత్వ ఓడలనే నమ్ముకోవాలి. టైమ్‌టేబుల్ కొద్ది రోజుల ముందు గాని తేలదు. సముద్రం బాగా లేకపోతే ఓడ ఆగిపోతుంది. హెలికాప్టర్ ఉంది గానీ అందులో సీట్లు ముందు రోగులకు, తర్వాత దీవుల్లో ఉండేవాళ్లకు. అలాగే ఉండాలి కూడా. మనం సరదాగా వెళ్లేవాళ్లం, వాళ్లకు అదే బతుకు.

కాబట్టి తిరుగు ప్రయాణం విమానానికి ముందు కనీసం రెండు రోజులు పోర్ట్ బ్లెయిర్‌లో ఖాళీగా పెట్టుకోండి. ఓడ సమయానికి వస్తే ఆ రెండు రోజులూ వృథా కావు. చిడియా టాపు అడవిలో పక్షులు చూడొచ్చు, వండూర్ దగ్గర మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో పగడపు దిబ్బలు చూడొచ్చు. ఆ ఖాళీ పెట్టుకోకుండా బయల్దేరితే మాత్రం దీవిలో ఉన్నన్నాళ్లూ ఓడ టెన్షనే, చెట్టు మీద పిట్ట కనిపించదు.

నా లెక్క ఇది. ఇంటి నుంచి ఇంటికి మొత్తం ఐదు రోజులే ఉంటే ఈ మూడింటిలో దేనికీ వెళ్లొద్దు. చిడియా టాపు, వండూర్ చూసుకుని తృప్తిగా వచ్చేయండి. ఏడెనిమిది రోజులుంటే లాంగ్ ఐలాండ్ గానీ దిగ్లీపూర్ గానీ ఒకటి. పది దాటితే ఆ రెండూ కలపొచ్చు, లేదా లిటిల్ అండమాన్ ఒక్కటే నింపాదిగా చూడొచ్చు.

దిగ్లీపూర్: జంతువుల కోసమైతే మొదటి ఓటు

మూడింటిలో జనం ఎక్కువ ఉండేది ఇక్కడే. బజారు, బస్సులు, బ్యాంకు, ఆసుపత్రి అన్నీ ఉన్న ఊరు. మరి దీన్ని ఎందుకు మొదట పెట్టానంటే, ఊరు దాటి పదిహేను ఇరవై కిలోమీటర్లు వెళ్తే కాలీపూర్ బీచ్ వస్తుంది. ఆలివ్ రిడ్లే, గ్రీన్ టర్టిల్, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ అని నాలుగు రకాల సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం అది. ఎక్కువగా కనిపించేది ఆలివ్ రిడ్లే. మన శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ తీరాలకు వచ్చేదీ అదే జాతి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అటవీ శాఖ వాళ్లు గుడ్లను సేకరించి కంచె వేసిన హేచరీలో పూడ్చిపెట్టి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలోకి వదులుతారు. గుడ్డు పొదగడానికి నెలన్నర పైగా పడుతుంది. అందుకే జనవరి చివర, ఫిబ్రవరిలో వెళ్తే తల్లినీ పిల్లల్నీ ఒకే ప్రయాణంలో చూసే అవకాశం ఉంటుంది.

ఆ రాత్రి ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తొందరపడి దాన్ని పాడు చేసుకుంటారు. తాబేలు నీళ్లలోంచి పైకి వచ్చేటప్పుడు చిన్న వెలుతురు కనిపించినా వెనక్కి తిరిగిపోతుంది. ఇసుక మీద ట్రాక్టర్ చక్రం వెళ్లిన జాడ లాంటి గీత కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. అది గొయ్యి తవ్వడం అయ్యి గుడ్లు మొదలుపెట్టాక, అటవీ సిబ్బంది సైగ చేస్తే వెనుక వైపు నుంచి నెమ్మదిగా దగ్గరికి వెళ్లొచ్చు. అప్పుడు వినబడుతుంది దాని ఊపిరి, బరువుగా, ఆగి ఆగి. అంతకుముందు గొయ్యి తవ్వేటప్పుడు వెనుక కాళ్లు రెండూ వంతులవారీగా పని చేస్తాయి: ఒకటి లోపలికి వంగి ఇసుక తీసి పక్కన పెడుతుంది, రెండోది తన పక్కనున్న ఇసుకను ముందుకు విసిరేస్తుంది, మళ్లీ దీని వంతు. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటాయి, ఒంట్లోని ఉప్పు బయటికి పోయే దారి అది. నూరు పైచిలుకు గుడ్లు పెట్టాక గొయ్యి పూడ్చి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకను అదిమి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. ఇదంతా గంట పని. ఫోన్ ఫ్లాష్ ఒక్కటి పడితే చాలు, అంతా చెడుతుంది. ఫోటో లేకపోయినా ఫర్వాలేదు అనుకోగలిగిన వాళ్లే రాత్రి బీచ్‌కు వెళ్లాలని నా అభిప్రాయం. మిగతావాళ్లు సాయంత్రం పిల్లల్ని వదిలేటప్పుడు చూస్తే సరిపోతుంది.

కాలీపూర్ దగ్గర్లోనే సాడిల్ పీక్ నేషనల్ పార్క్ ఉంది. 732 మీటర్ల శిఖరం, అండమాన్ దీవులన్నిటిలో ఎత్తైనది. లామియా బే నుంచి నడక మొదలవుతుంది. అనుమతి అటవీ శాఖ దగ్గర తీసుకోవాలి. మొదట సముద్రం ఒడ్డునే రాళ్ల మీద నడక, తర్వాత ఒక్కసారిగా నిటారు ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఒడ్డు వెంబడి దారి చివరి దాకా వెళ్లి వెనక్కి వచ్చినా మంచి పక్షులే కనిపిస్తాయి. నల్లటి అండమాన్ వడ్రంగిపిట్ట, లేత గోధుమ రంగు జెముడుకాకి, పాముల గద్దలో ఇక్కడి జాతి, ఇవన్నీ ఈ దీవులకే చెందినవి.

ఏరియల్ బే జెట్టీ నుంచి పడవలో రాస్, స్మిత్ దీవులకు వెళ్తారు. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, రెండిటి మధ్య తెల్లటి ఇసుక దారి తేలుతుంది. ఫోటోలన్నీ దానివే. మధ్యాహ్నం అక్కడ జనం ఉంటారు, పొద్దున్నే మొదటి పడవ పట్టుకోండి.

ఇక దారి. పోర్ట్ బ్లెయిర్ నుంచి దిగ్లీపూర్‌కు అండమాన్ ట్రంక్ రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైమాటే, బస్సులో పగలంతా పడుతుంది. ఆ రోడ్డు జారవాలు అనే ఆదివాసుల అడవి గుండా వెళ్తుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర వాహనాలన్నీ ఆగి, కాన్వాయ్‌గా బయల్దేరతాయి. మధ్యలో ఆపకూడదు, ఫోటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. తప్పితే జైలు శిక్ష దాకా వెళ్తుంది. ఆ అడవి గుండా పోయే భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పినా రోడ్డు ఇప్పటికీ నడుస్తోంది. తమ ఇంటి మధ్య నుంచి రోజూ బస్సులు పోవడం జారవాలు కోరుకున్నది కాదు. అందుకే వీలైతే ఓడలోనే వెళ్లండని గట్టిగా చెబుతాను. ఓడ దొరక్క రోడ్డే గతి అయితే నిబంధన తప్పకుండా, కెమెరా సంచిలో పెట్టుకుని కూర్చోండి. పిల్లలకు కూడా ముందే చెప్పి ఉంచండి, అది చూడటానికి వెళ్లే చోటు కాదని.

లాంగ్ ఐలాండ్: నిశ్శబ్దం కావాలంటే

పోర్ట్ బ్లెయిర్‌కు ఉత్తరాన ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉంది. జనం వెయ్యికి అటూ ఇటూ. ఒకప్పుడు ఇక్కడ పెద్ద ప్లైవుడ్ ఫ్యాక్టరీ నడిచేది. అది మూతపడ్డాక చాలామంది వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలింది చిన్న ఊరు, నడిచి చుట్టి రావడానికి సరిపోయే దారులు, పోకచెట్లు, చుట్టూ అడవి, మడచెట్లు.

ఇక్కడ పెద్దగా చేయాల్సిన పనులు ఉండవు, దీని గొప్పతనమే అది. లాలాజీ బే అనే బీచ్ దీవికి అవతలి వైపు ఉంది. అడవి దారిలో నడిస్తే రెండు గంటలు, డుంగీ అని ఇక్కడ పిలిచే చిన్న మోటారు పడవలో అయితే చాలా త్వరగా చేరిపోతారు. నా సలహా, వెళ్లేటప్పుడు నడవండి, వచ్చేటప్పుడు పడవ ఎక్కండి. పొద్దున ఆరు గంటలకు బయల్దేరితే ఆ దారిలో డ్రోంగోలు, చిలకలు, పావురాలు కావలసినన్ని. తొమ్మిది దాటితే ఎండకు అన్నీ సద్దుమణుగుతాయి. పాటు వేళ మడచెట్ల కింద బురద మీద కూర్చుని పది నిమిషాలు కదలకుండా ఉంటే, కన్నాల్లోంచి ఒక పంజా పెద్దగా ఉన్న ఫిడ్లర్ పీతలు ఒక్కొక్కటే బయటికి వచ్చి ఆ పంజా ఊపడం మొదలుపెడతాయి. మీరు చెయ్యి కదిపితే క్షణంలో మాయం. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లకు లాలాజీ బే కంటే ఇదే నచ్చుతుంది.

బస అంటే నాలుగైదు చిన్న గెస్ట్‌హౌస్‌లు, ముందే ఫోన్ చేసి చెప్పాలి. భోజనం కూడా ఉదయమే చెబితేనే వండుతారు. చేపల కూర, అన్నం, పప్పు. ఏటీఎం మీద ఆశ పెట్టుకోకుండా నగదు తీసుకెళ్లండి. చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ 2020లో ప్రారంభమైనప్పుడు లాంగ్ ఐలాండ్‌ను, లిటిల్ అండమాన్‌లోని హట్ బేను కూడా దానికి కలిపారు. అయినా ఊరు దాటితే ఫోన్ పనిచేస్తుందని నమ్ముకోవద్దు.

ఇంకో లాభం ఉంది. ఇక్కడి నుంచి యెరట్టా జెట్టీకి చిన్న ఓడలో వెళ్లి, రంగత్‌లో బస్సు ఎక్కితే మాయాబందర్ మీదుగా దిగ్లీపూర్ చేరొచ్చు. జారవా అడవి గుండా వెళ్లే పని లేదు. రంగత్ పక్కనే కత్‌బర్ట్ బే కూడా తాబేళ్ల తీరమే. పది రోజులున్న వాళ్లకు ఈ రెండు చోట్లనూ కలిపి చూడటానికి ఇదే ఉత్తమమైన దారి అంటాను: పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో లాంగ్ ఐలాండ్, అక్కడి నుంచి రంగత్, దిగ్లీపూర్, మళ్లీ ఓడలో పోర్ట్ బ్లెయిర్.

లిటిల్ అండమాన్: ఓపిక ఉన్నవాళ్లకు

ఏడు వందల చదరపు కిలోమీటర్లు దాటిన దీవి, 2011 జనాభా లెక్కల్లో పందొమ్మిది వేల లోపు జనం. వాళ్లలో దాదాపు అందరూ తూర్పు తీరం వెంబడి ఒకే రోడ్డు పక్కన ఉంటారు. దీవిలో పెద్ద భాగం ఓంగేలు అనే ఆదివాసులకు కేటాయించిన రిజర్వ్. ఓంగేలు ఇప్పుడు నూటపాతిక, నూటముప్పై మంది దాకా మాత్రమే మిగిలారు. డుగాంగ్ క్రీక్ వైపు, రిజర్వ్ లోపలికి మనం వెళ్లకూడదు. ఎవరైనా మాట ఇచ్చి తీసుకెళ్తామన్నా వెళ్లొద్దు, అది నేరం. అంతకన్నా ముఖ్యంగా, మనం మోసుకెళ్లే జలుబు కూడా అంత చిన్న సమూహానికి ప్రాణం మీదకు తేవచ్చు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి హట్ బేకు ఓడలో ఏడెనిమిది గంటలు. సముద్రం ఊగే దారి, వాంతులు అయ్యే అలవాటు ఉంటే మాత్ర వేసుకుని ఎక్కండి. దిగాక స్కూటర్ అద్దెకు తీసుకుంటే దాదాపు అన్నీ చూడొచ్చు. జెట్టీకి ఆరేడు కిలోమీటర్ల దూరంలో వైట్ సర్ఫ్ జలపాతం, పద్నాలుగు కిలోమీటర్ల దగ్గర బట్లర్ బే. మైళ్ల కొద్దీ ఇసుక, వెనుక కొబ్బరిచెట్లు, ఆ వెనుక అడవి. మార్చి నుంచి మే దాకా అలల మీద సర్ఫింగ్ చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రోడ్డు పక్కన వరసలు వరసలుగా కనిపించే పామాయిల్ తోటలు మాత్రం అడవి నరికి వేసినవే. వాటిని చూసి అడవి అనుకోకండి, పక్షులు వాటిలో తక్కువ.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. లిటిల్ అండమాన్‌లో లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెడతాయని చదివి టికెట్ కొనేవాళ్లు ఉన్నారు. అవి వచ్చేది నిజమే, భూమ్మీద ఉన్న తాబేళ్లన్నిటిలో పెద్దది ఇదే. కానీ అవి వచ్చే వెస్ట్ బే, సౌత్ బే పర్యాటకులు వెళ్లే చోట్లు కావు. పరిశోధకులు అక్కడ ఏళ్లుగా క్యాంపులు వేసి లెక్కలు రాస్తున్నారు. శాటిలైట్ ట్యాగులు పెట్టి చూస్తే, గుడ్లు పెట్టి వెళ్లిన తల్లుల్లో కొన్ని ఆస్ట్రేలియా పశ్చిమ తీరం వైపు, కొన్ని ఆఫ్రికా దగ్గర మొజాంబిక్ దాకా ఈదుకుంటూ పోయాయి. ఆ కథ తెలిసి ఆ దీవి మీద నిలబడితే చాలు అనుకుంటే వెళ్లండి. కంటితో తాబేలును చూడాలంటే మాత్రం దిగ్లీపూరే.

మరి ఈ దీవి ఎవరికి? సముద్రం అంటే ప్రాణం ఉన్న యువకులకు, ఓడ ఒక రోజు ఆలస్యమైతే ఇంకో రోజు బీచ్‌లో నడుద్దాంలే అనుకునే వాళ్లకు. వయసు పైబడ్డ అమ్మానాన్నలతో, పసిపిల్లలతో వెళ్లేవాళ్లకు నేను దీన్ని చెప్పను. మలేరియా ఉన్న దీవి. దోమతెర, ఒంటికి పూసుకునే మందు తప్పనిసరి.

మిగతా పేర్లు వింటుంటారు కదా

గ్రేట్ నికోబార్‌లో ఇందిరా పాయింట్, గెలాథియా బే గురించి ఈమధ్య అక్కడ తలపెట్టిన ఓడరేవు ప్రాజెక్టు వార్తల్లో ఎక్కువగా వినిపిస్తోంది. నికోబార్ గిరిజన ప్రాంతాలకు మనకు కూడా పాస్ కావాలి, సరదా యాత్రకు అది దొరకడం కష్టం. నార్కొండం అనే చిన్న అగ్నిపర్వత దీవి మీద మాత్రమే బతికే హార్న్‌బిల్ పక్షి ఉంది. పక్షి ప్రేమికులకు కలల దీవి అది, కానీ మామూలు పర్యాటకులను అక్కడికి పంపరు. లక్షద్వీప్ వెళ్లాలంటే మనకూ ఎంట్రీ పర్మిట్ కావాలి. అవి పగడపు దీవులు, నీళ్ల లోపలి ప్రపంచం అద్భుతం, అడవి లేదు. స్నార్కెలింగ్ కోసమే అయితే ఈ మూడింటి కంటే లక్షద్వీప్‌నే ఎంచుకోండి.

అంత దూరం కుదరని వాళ్లకు మన కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకతో పెరిగిన పొడవాటి దిబ్బ, కొద్ది మత్స్యకార కుటుంబాలు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు, పక్కనే కోరింగ మడ అడవి. అండమాన్ ప్రయాణానికి ముందు ఒక శీతాకాలం అక్కడికి వెళ్లి వస్తే, ఓపికగా చూడటం అలవాటవుతుంది.

ఎప్పుడు, ఏ జాగ్రత్తతో

డిసెంబర్ చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా మంచిది. మే నుంచి నైరుతి వానలు. అక్టోబర్, నవంబర్‌లలో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం కాబట్టి ఓడలు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. గడియారం మనదే అయినా సూర్యుడు ముందుంటాడు. డిసెంబర్‌లో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. మధ్యాహ్నం మూడుకు అడవిలోకి బయల్దేరే ఆలోచన మానుకోండి.

మూడు చోట్లా ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హావ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ యువతి మొసలి దాడిలో చనిపోయింది. వాగు వచ్చి సముద్రంలో కలిసే చోట, మడచెట్ల దగ్గర, చీకటి పడ్డాక నీళ్లలోకి దిగొద్దు. బోర్డు లేకపోతే ఊరివాళ్లను అడగండి. హిందీ అందరికీ వచ్చు, చాలాచోట్ల తెలుగు కూడా. 2011 లెక్కల్లో ఈ దీవుల జనంలో నూటికి పదముగ్గురి దాకా తెలుగు మాట్లాడేవాళ్లే, వాళ్లలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు వచ్చి స్థిరపడ్డవాళ్లు. జెట్టీ దగ్గర వలలు బాగు చేసుకుంటున్న పెద్దాయనను "మావా, ఈ వాగులో మొసలి ఉందా?" అని అడిగితే, ముందు "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగి, తర్వాత ఎక్కడ దిగొచ్చో ఎక్కడ దిగకూడదో వేలు పెట్టి చూపిస్తాడు. ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం అది.

బీచ్‌లో ఇసుక ఈగలు కుడతాయి, దద్దుర్లు వారం ఉంటాయి. కొబ్బరినూనె రాసుకుని వెళ్లడం అక్కడివాళ్ల పద్ధతి. గవ్వలు, పగడపు ముక్కలు, ఇసుక ఏదీ ఇంటికి తేకూడదు. ఎయిర్‌పోర్ట్‌లో సంచి తనిఖీలో బయటపడితే కేసు అవుతుంది. పిల్లల జేబులు కూడా ఒకసారి చూసుకోండి. వెంట విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న బంధువులు వస్తుంటే వాళ్లకు వర్తించే రిజిస్ట్రేషన్, అనుమతి నిబంధనలు టికెట్ కొనకముందే కనుక్కోండి, మనకు ఉన్న వెసులుబాటు వాళ్లకు ఉండకపోవచ్చు.

ఇప్పుడు వరస ఇలా పెట్టుకోండి. మొదట నెల: తాబేళ్ల కోసమైతే జనవరి చివర నుంచి ఫిబ్రవరి, సర్ఫింగ్‌కు మార్చి, ఊరికే ప్రశాంతంగా ఉండటానికి ఈ మధ్యలో ఎప్పుడైనా. తర్వాత హైదరాబాద్ లేదా చెన్నై నుంచి విమానం, వెనక్కి వచ్చే తేదీకి ముందు ఆ రెండు ఖాళీ రోజులతో సహా. గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేసి గది చెప్పుకునేటప్పుడే ఆ వారం ఓడ ఏ రోజు వస్తుందని వాళ్లనే అడగండి. ఓడ టికెట్ల అమ్మకం మొదలైన రోజునే తీసేసుకోండి, అవి త్వరగా అయిపోతాయి.